బ్రెసల్ వాకిట ఉపవాసం

ఓట్స్ గింజల జావలో ముంచిన చెంచా బ్రెసల్ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపింది ఆయన పెళ్ళాం సారెత్.

"కింద పెట్టు," అంది ఆవిడ. "వాడింకా అక్కడే ఉన్నాడు."

బ్రెసల్ మెడ సాచి గుమ్మంలోంచి చూశాడు. గొర్రెలు కాసే బానిస లోవెర్న్ గడప రాయికి ఎదురుగా వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వీపు ఇంటివైపు, మొహం పొద్దు పొడిచేవైపు. పక్కన పెట్టిన జావ గిన్నె పెట్టినట్టే ఉంది. పైన తెట్టు కట్టింది. నిన్న పొద్దునా అంతే, మొన్నా అంతే.

ఐర్లండులో దీని అర్థం తెలియని మనిషి లేడు. పెద్దవాడు అన్యాయం చేస్తే, ఎదిరించే బలం లేని చిన్నవాడు వెళ్ళి ఆ పెద్దవాడి వాకిట్లో తిండి మానేసి కూర్చుంటాడు. ఆ తగువు తీరేదాకా ఇంటి యజమాని మెతుకు ముట్టకూడదు. ముట్టాడా, ఆ రోజు నుంచి వాడి మాటకి విలువ లేదు, వాడి సాక్ష్యం చెల్లదు, విందుకి పిలిచే దిక్కుండదు. ఊళ్ళు తిరిగే కవులు వాడి పేరు పెట్టి వెక్కిరింత పాటలు కడతారు. అలాంటి పాట ఒకసారి పుట్టిందంటే మనవల కాలానికి కూడా చావదు. బ్రెసల్ యుద్ధాలకి భయపడే రకం కాదు గాని, పాటంటే మాత్రం ఆయనకి హడలు.

"బానిస వెధవ! వాడికి నామీద తగువేమిటి?" అన్నాడు చెంచా విసిరికొట్టి. "పోయి ఒక్క తన్ను తన్నొస్తాను."

"తన్ను. రేపు చుట్టుపక్కల కోటలన్నిటికీ తెలుస్తుంది. ఆకలితో కూర్చున్నవాణ్ణి బ్రెసల్ తన్నాడటా అని చక్కగా పాడుకుంటారు," అని సారెత్ తన గిన్నెలో ఇంత వెన్న వేసుకుని తాపీగా తినసాగింది. ఉపవాసం ఇంటాయన మీదే గాని ఇంటావిడ మీద కాదు కదా.

మూలన తిరగలి దగ్గర కూర్చుని ఓట్స్ గింజలు విసురుతున్న అవిత తల వంచుకుని ఇదంతా వింటోంది. అవిత కూడా బానిసే. లోవెర్న్ లాగే సముద్రం అవతల బ్రిటన్ దేశపు మనిషి. చిన్నపిల్లగా ఉన్నప్పుడు దొంగల పడవ ఎక్కించి తెచ్చారు. ఇక్కడే పెరిగింది, ఇక్కడే పశువుల కాపరితో కాపురం చేసింది, వాడు జ్వరంతో పోతే ఇక్కడే ఏడ్చింది. ఇప్పుడామెకు మిగిలింది పాలపళ్ళు ఊడుతున్న కూతురు రోనత్ ఒక్కతే. ఆ ఒక్కతీ కూడా మిగిలేటట్టు లేదు. ఉత్తరాన ఉన్న బ్రెసల్ చెల్లెలికి దూడల్ని చూసుకునే పిల్ల కావాలట. బ్రెసల్ ఇస్తానని మాటిచ్చేశాడు. పున్నమిలోపు ఆవిడ మనుషులొచ్చి పిల్లను తీసుకుపోతారు. బానిస కడుపున పుట్టిన పిల్లను ఇవ్వడానికి తల్లిని అడగడమన్నది ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తట్టనందుకు వాళ్ళని తిట్టుకోవాలో, తన రాతని తిట్టుకోవాలో తెలియక అవిత తిరగలి తిప్పుతూనే ఉంది.

లోవెర్న్ సంగతి ఆమెకూ అర్థం కాలేదు. నిరుడు కోతలప్పుడు తెచ్చినవాడు. తండ్రి నూనె వర్తకుడట, కొడుకుని బాగా మేపినట్టే ఉన్నాడు. వచ్చిన కొత్తలో కుండ అడుగు నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూసేవాడు. ఏడవడం, తినడం, మళ్ళీ ఏడవడం. దేవుడి పేరెత్తితే ఉమ్మేసేవాడు. చలికాలం కొండమీద గొర్రెలతో ఒంటరిగా ఉండి ఉండి ఏమైందో, ఇప్పుడు గొణుక్కుంటూ దణ్ణాలు పెడుతున్నాడు. ఈ భాష వాడికింకా పట్టుబడలేదు. పొద్దున ముట్టకపోయినా, పొద్దు గుంకాక అవిత దొడ్డికి వెళ్ళి రొట్టె ఇస్తే మాత్రం రెండు చేతులా అందుకుని తింటున్నాడు. ఆ సంగతి ఆమె తప్ప ఎవరూ చూడలేదు. కడుపులో బాగోలేదేమో అనుకుంది.

మధ్యాహ్నానికి బ్రెసల్ కి ఒక ఆలోచన వచ్చింది. తన ఉన్ని కంబళి తీసుకెళ్ళి, గొర్రెలతో కొండకు బయల్దేరుతున్న లోవెర్న్ భుజాల మీద కప్పాడు. "ఇదేనా నీక్కావలసింది? తీసుకో. ఇక తిను," అని చేత్తో సైగ చేశాడు. లోవెర్న్ కళ్ళు చెమ్మగిల్లాయి. దొర చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. మర్నాడు తెల్లవారేసరికి ఆ కంబళి కప్పుకునే వచ్చి మళ్ళీ అదే చోట మోకరించాడు.

"చూశావా వాడి పొగరు!" అని బ్రెసల్ జుట్టు పీక్కున్నాడు. "నా కంబళిలో వెచ్చగా కూర్చుని నన్నే మాడుస్తున్నాడు!"

ఇక లాభం లేదని పక్క కోట నుంచి ముసలి ఫేలన్ ని పిలిపించారు. తగువులు తీర్చడం, కట్టుబాట్లు చెప్పడం ఆయన పని. ఆయన కర్ర పట్టుకుని వచ్చి, లోవెర్న్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, లోపలికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"బానిసకి ఉపవాసం పట్టే హక్కు లేదు," అన్నాడు.

"బతికించావు మావా! ఎవరక్కడ, జావ తీసుకురండి!" అని కేకేశాడు బ్రెసల్.

"తిను, నాకేం?" అన్నాడు ఫేలన్. "కట్టుబాటు నేను చెప్పాను. కాని వాడు నీ వాకిట్లో ఆకలితో చచ్చాడనుకో, వాడు బానిసో దొరో నీ గడప రాయికేం తెలుస్తుంది? ఆ ఉసురు ఎవరికి కొడుతుందో నాకు తెలీదు, నీకూ తెలీదు."

జావ తెచ్చిన మనిషి గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. బ్రెసల్ గిన్నె వంక చూసి, గుటక మింగి, మొహం తిప్పుకున్నాడు.

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ముందు వాడికేం కావాలో అడగవయ్యా. మూడ్రోజుల్నించి మాడుతున్నావు గాని ఆ ఒక్క మాటా అడిగావా?"

"వాడి భాష ఎవడికొచ్చు ఇక్కడ?" అని, అంతలోనే బ్రెసల్ తిరగలివైపు చూశాడు. "ఏవే అవితా! నువ్వూ ఆ దేశం దానివేగా. రా, అడుగు."

అవిత చేతులు దులుపుకుని లేచింది. అందరూ ఆమె వెనకే వాకిట్లోకి వచ్చారు. ఆమె లోవెర్న్ పక్కన చతికిలబడి, అరిగిపోయిన తన చిన్ననాటి భాషలో మెల్లిగా అడిగింది. "ఏం తమ్ముడూ, పొద్దున పూట ఎందుకు తినడం లేదు? ఒంట్లో బాగోలేదా?"

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "అదేంటక్కా, మర్చిపోయావా? ఇవి పెద్ద ఉపవాసం రోజులు కదా! ప్రభువు తిరిగి లేచిన పండగ దాకా పొద్దు గుంకేవరకు తినకూడదు. మా దొడ్డి దగ్గర కొండ అడ్డం, పొద్దు పొడవడం కనిపించదు, ఇక్కడైతే తూర్పు బాగా కనిపిస్తుందని వచ్చి ప్రార్థన చేసుకుంటున్నాను. ఎందుకు, వీళ్ళకేమైనా ఇబ్బందా?"

అవితకి ఒక్కసారిగా అమ్మ గుర్తొచ్చింది. ఈ రోజుల్లో అమ్మ వంటకుండ బోర్లించేది, సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. ఇంత తేలికైన సంగతి ఎలా మర్చిపోయానా అనుకుంది. వీడు ఎవరి మీదా ఉపవాసానికి కూర్చోలేదు. వీడికి ఎవరితోనూ తగువు లేదు. ఈ ముక్క చెబితే బ్రెసల్ పగలబడి నవ్వి, రెండు గిన్నెల జావ తాగి, చెల్లెలి మనుషుల కోసం ఎదురు చూస్తాడు.

"ఏమంటున్నాడే?" అన్నాడు బ్రెసల్.

అప్పుడే రోనత్ దూడలకి విరుగుడు నీళ్ళ బాల్చీ మోసుకుంటూ, బరువుకి ఒక పక్కకి ఒరిగి, వాకిట్లోంచి నడిచి వెళ్ళింది. అవిత కళ్ళు పిల్ల వెంటే వెళ్ళాయి.

"రోనత్ ని ఉత్తరానికి పంపొద్దంటున్నాడు దొరా," అంది.

వాకిట్లో అందరూ లోవెర్న్ వైపు తిరిగారు. తను ఏమన్నదో అవిత చెవులకే నమ్మకం కలగలేదు.

"రోనత్తా? ఆ పిల్ల వీడికేమవుతుందని?"

"ఏమీ కాదు." మాటలు వాటంతట అవే వస్తున్నాయి. ఆపడం ఆమె వల్ల కాలేదు. "నన్ను మా అమ్మ చేతుల్లోంచి లాక్కొచ్చారు అంటున్నాడు. ఇంకో తల్లి చేతుల్లోంచి పిల్లను లాగుతుంటే నేను చూడను, చూసేకంటే ఈ గడపలోనే చస్తాను అంటున్నాడు."

సారెత్ చేతిలో ఉన్న గిన్నె నెమ్మదిగా కింద పెట్టింది. ఫేలన్ గడ్డం గోక్కున్నాడు. తన పేరు మీద ఇంత పెద్ద మాట పుట్టిందని తెలియని లోవెర్న్ అందర్నీ చూసి అమాయకంగా నవ్వాడు.

"చూడు మళ్ళీ నవ్వొకటి!" అన్నాడు బ్రెసల్. "నేను మా చెల్లెలికి మాటిచ్చాను. మాటంటే మాటే. చూద్దాం ఎవడు ముందు దిగొస్తాడో."

ఆ రోజంతా ఆయన దిగిరాలేదు. సాయంత్రం సారెత్ కావాలనే ఉప్పుపెట్టిన పందిమాంసం ఉడకేయించింది. ఆ వాసన ఇల్లంతా తిరిగి, చూరుకి పట్టి, ఆయన పడుకున్న చోటికి కూడా వచ్చింది. "అంత వాసన రావాలా?" అని అరిచాడు. "మాంసానికి చెప్పనా రావద్దని?" అంది సారెత్. అవితకి ఏదీ సయించలేదు. దొర ఎప్పుడు లొంగుతాడా అని ఒక పక్క, లొంగేలోపు లోవెర్న్ ఎవరైనా చూస్తుండగా రొట్టె తింటాడేమో అని ఒక పక్క, రాత్రంతా మేలుకునే ఉంది.

తెల్లవారింది. లోవెర్న్ వచ్చి కూర్చున్నాడు. బ్రెసల్ వాడి వీపు వంక చాలాసేపు చూసి, గోడకి జారగిలబడి, "పిలవండి ఫేలన్ ని," అన్నాడు. గొంతులో పస లేదు.

ఫేలన్ వచ్చాక, బ్రెసల్ వాకిట్లో నిలబడి, కుడిచెయ్యి ముసలాయన చేతిలో పెట్టాడు. "రోనత్ ని ఎక్కడికీ పంపను. తల్లి దగ్గరే ఉంటుంది. మా చెల్లెలికి ఇంకేదైనా చెప్పుకుంటాను. దీనికి నువ్వే హామీ," అన్నాడు. అవిత ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"బాగుంది," అన్నాడు ఫేలన్. "ఇక వాణ్ణి తినమను. నీ ఇంటి గిన్నెలో, నీ ఎదుట, మా అందరి ఎదుట తినాలి. అప్పుడే తగువు తీరినట్టు."

"తింటాడులే. తినకేం చేస్తాడు?"

"తినకపోతే కూడా కట్టుబాటుంది. అడిగింది ఇచ్చాక కూడా ముట్టలేదంటే వాడిది మొండితనం. అడిగిన హక్కు పోతుంది. పిల్లను నీ ఇష్టమొచ్చిన చోటికి పంపుకోవచ్చు."

అవిత కలలో కూడా అనుకోని మాట అది. ఇక్కడ పెరిగిందన్న మాటే గాని కట్టుబాట్లు చెప్పే చోట బానిసలను ఎవరు కూర్చోనిస్తారు? సారెత్ ఆమె చేతిలో గిన్నె పెట్టింది. వేడి జావ, మధ్యలో కరుగుతున్న వెన్న, పైన పందిమాంసం ముక్క. పెద్ద ఉపవాసంలో వెన్నా మాంసమూ పనికిరావు, పొద్దు గుంకనూ లేదు; ఉపవాసం ఒక రకంగా కాదు, మూడు రకాలుగా పోయేటట్టుంది.

ఆమె వెళ్ళి లోవెర్న్ ఎదుట మోకరించి గిన్నె ముందు పెట్టింది. వెనక అందరూ చూస్తున్నారు. మొహం మీద నవ్వు అతికించుకుని తమ భాషలో చెప్పింది. "తమ్ముడూ, నువ్విది తినాలి. ఇప్పుడే."

"పొద్దు గుంకలేదు కదక్కా."

"నేను అబద్ధం చెప్పాను. నీ పేరు మీద." ఇక దాచకుండా అంతా చెప్పేసింది. ఈ దేశంలో వాకిట్లో ఆకలితో కూర్చుంటే ఏమనుకుంటారో, తను ఏం అడిగిందో, దొర ఏమిచ్చాడో, ఇప్పుడు వాడు తినకపోతే ఏమవుతుందో.

లోవెర్న్ మొహం ఎర్రబడింది. "నేను దేవుడి ముందు కూర్చుంటే, నన్ను అడ్డం పెట్టుకుని అబద్ధమాడావా?"

"ఆడాను. మళ్ళీ ఆడమన్నా ఆడతాను."

"నీకు తెలీదక్కా." వాడు తల అడ్డంగా ఊపాడు. "నేను మొక్కుకున్నాను. ఈ ఉపవాసం ఒక్క రోజు తప్పకుండా చేస్తే నన్ను మా ఇంటికి చేర్చమని ఆయనతో ఒప్పందం చేసుకున్నాను. సగం అయిపోయింది. ఇంకో సగమే. ఇప్పుడు తింటే అంతా పోతుంది. నేను ఇల్లు చేరను."

"నిన్ను ఇంటికి ఆయన చేరుస్తాడో లేదో నాకు తెలీదు తమ్ముడూ," అంది అవిత. "నన్నైతే చేర్చలేదు. నా ఇల్లు అదుగో, అంతే," అని దూడల కొట్టం వైపు చూపించింది. కొట్టం గుమ్మంలో రోనత్ నిలబడి, పెద్దవాళ్ళంతా ఎందుకు గుమిగూడారో తెలియక వేలు కొరుక్కుంటూ చూస్తోంది.

"ఏంటే అంతసేపు మాట్లాడతాడు?" అని బ్రెసల్ అక్కణ్ణించి అరిచాడు. "ఉప్పు తక్కువైందా?"

లోవెర్న్ పిల్లను చూశాడు. కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. తర్వాత వాడు గిన్నె ఎత్తి, చెంచా కూడా లేకుండా, రెండు వేళ్ళతో ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, గడ్డం మీద వెన్న కారుతుంటే, ఆపకుండా తిన్నాడు. మాంసం ముక్క కొరికి, చూడండి అన్నట్టు అందరి వైపూ తిరిగి నమిలాడు.

"తిన్నాడు!" అని ఫేలన్ కర్ర నేలకి కొట్టాడు. "తగువు తీరింది."

"తిన్నాడర్రా!" అని బ్రెసల్ వాకిలి దద్దరిల్లేలా అరిచి, లోపలికి పరుగెత్తి, నిలబడే కుండలోంచి జావ తోడుకుని తాగేశాడు. నాలుక కాలిందని తిట్టుకుంటూనే మళ్ళీ తోడుకున్నాడు. "నెమ్మదిగా తినవయ్యా, ఎవడూ లాక్కోడు," అంటూ సారెత్ నవ్వింది. అవిత కొట్టం దాకా నడవలేక దారిలోనే కూలబడింది. రోనత్ పరుగెత్తుకొచ్చి, "ఏమైందమ్మా? ఎవరైనా కొట్టారా?" అంటే, పిల్లను పొట్టకి హత్తుకుని, "లేదమ్మా, ఎవరూ కొట్టలేదు," అని పదే పదే అంది. ఎన్నాళ్ళుగానో గుండెల మీద ఉన్న బరువు అక్కడే, ఆ బురదలోనే దిగిపోయింది.

సాయంత్రం ఆమె దొడ్డికి వెళ్ళింది. వెళ్ళాలంటే మొహం చెల్లలేదు గాని వెళ్ళింది. లోవెర్న్ అప్పుడే పుట్టిన గొర్రెపిల్లని కంబళిలో చుట్టి తుడుస్తున్నాడు.

"కోపంగా ఉందా తమ్ముడూ?"

"మధ్యాహ్నం దాకా ఉంది. నీ మీద, ఆయన మీద, ఆ వెన్న మీద కూడా." వాడు గొర్రెపిల్ల చెవులు తుడిచాడు. "అది మరీ రుచిగా ఉందక్కా, అందుకు ఇంకా కోపమొచ్చింది."

అవితకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"తర్వాత ఆలోచించాను," అన్నాడు. "ఇన్నాళ్ళూ నేను దేవుడి వాకిట్లో కూర్చున్నది కూడా దొర వాకిట్లో కూర్చున్నట్టే. ఇస్తావా చస్తావా అని ఆయన్ని మాడ్చాలని చూశాను. ఇవాళ తింటున్నప్పుడు ఆయన్ని ఏమీ అడగలేదు. ఎప్పుడూ లేనిది, ఒళ్ళు తేలికైంది. ఇల్లు చేరతానో లేదో... అది ఆయనకే వదిలేశాను."

"నిన్ను బలిచేసి నా కూతుర్ని ఉంచుకున్నాను."

"నువ్వు బలిచెయ్యలేదక్కా. తిన్నది నేను." అని గొర్రెపిల్లని దాని తల్లి దగ్గర వదిలాడు.

మర్నాడు పొద్దున్నే, అందరి కంటే ముందు లేచిన బ్రెసల్ గుమ్మం తెరిచి కెవ్వుమన్నాడు. "అవితా! ఏవే అవితా! మళ్ళీ వచ్చాడే! మళ్ళీ కూర్చున్నాడు! ఇచ్చానుగా, ఇంకేం కావాలట వెధవకి? అడుగు, తొందరగా అడుగు!"

అవిత కళ్ళు నులుముకుంటూ వచ్చింది. లోవెర్న్ అదే చోట, అదే మోకాళ్ళ మీద. దొర మొహంలో రంగు లేదు. ఈ క్షణంలో ఏమడిగినా ఇచ్చేటట్టున్నాడు. సముద్రం దాకా దారి, దాటడానికి పడవ, ఇద్దరికీ స్వేచ్ఛ. ఆ మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆమె వెళ్ళి వాడి ముందు నిలబడింది. వాడి ఒళ్ళో రాత్రి మిగిలిన జావ గిన్నె ఖాళీగా, నాకినట్టు శుభ్రంగా ఉంది.

"ఏం కావాలని దొర అడుగుతున్నాడు తమ్ముడూ," అంది.

"ఏమీ వద్దు. కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను, అంతే."

అవిత దొర వైపు తిరిగింది. ఈసారి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. "ఏమీ వద్దటండీ. జావ తినేశాడు. ఊరికే కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాడట."

బ్రెసల్ గట్టిగా ఊపిరి వదిలి గడప మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయనకేదో తోచింది. లేచి వాకిట్లోకి వచ్చి, వాడి వంక చూసి, వాడు చూస్తున్న ఎర్రటి ఆకాశం వంక చూసి, చిరాగ్గా అడిగాడు.

"అటు తిరిగి ఎవరికి చెప్తున్నాడే? ఇచ్చింది నేనైతే!"

అవిత నవ్వింది. చీపురు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన రోనత్ ఆగిపోయి తల్లి వంక వింతగా చూసింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం ఆ పిల్ల పుట్టాక వినలేదు.